పాత డీటీపీ ఫైళ్లను యూనికోడ్‌లోకి మార్చడం ఎలా?

ప్రశ్న:
మా నాన్నగారు 1990ల చివర్లో పేజ్‌మేకర్ అనే డీటీపీ (కంప్యూటర్‌లో అచ్చుపేజీలు కూర్చే) సాఫ్ట్‌వేర్‌లో టైపు చేయించిన కథల ఫైళ్లు ఇటీవల ఒక పాత సీడీలో దొరికాయి. వాటిని నా ల్యాప్‌టాప్‌లో తెరిస్తే తెలుగుకు బదులు ఇంగ్లిషు అక్షరాలూ, అర్థం కాని గుర్తులూ కలగలిసి కనిపిస్తున్నాయి. ఫైళ్లు పాడైపోయినట్లేనా?

జవాబు 1:
పాడవలేదండి. ఆనాటి ఫాంట్లు ఇంగ్లిషు అక్షరాలకు కేటాయించిన సంఖ్యల మీదే తెలుగు అక్షరాల బొమ్మలను కూర్చేవి. అందువల్ల ఆ ఫాంటు లేని కంప్యూటర్‌కు అది ఇంగ్లిషు పాఠమే. ప్రపంచ భాషల అక్షరాలకు విడివిడిగా సంఖ్యలిచ్చే ప్రమాణమైన యూనికోడ్‌లో ‘క’ అక్షరానికి 3093 అనే సొంత సంఖ్య ఉంది కనుక ఏ తెలుగు ఫాంటులో చూసినా అది ‘క’గానే ఉంటుంది. ముందుగా ఏ ఫాంటు వాడారో తెలుసుకొని, దానికి తగిన కన్వర్టర్ (ఆ ఫాంటు పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చే సాఫ్ట్‌వేర్) వాడండి.

జవాబు 2:
కన్వర్టర్ ఇచ్చినదాన్ని గుడ్డిగా నమ్మవద్దని మనవి. యూనికోడ్‌లో ‘క్ర’ అంటే కకారం, పొల్లు, రకారం వరుసగా మూడు సంకేతాలు; పాత ఫాంట్లలోనేమో క్రావడి (ర వత్తు) ఒక విడి బొమ్మ కాబట్టి, మార్పిడిలో వరుస తారుమారు కావచ్చు. నేను మార్చిన ఒక వ్యాసంలో ‘ప్రతి’ కాస్తా ‘పర్తి’ అయి కూర్చుంది! అచ్చుప్రతి ఉంటే పక్కన పెట్టుకొని సరిచూడండి.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలు. వెతికితే ఆ సీడీలోనే ఫాంటు ఫైలు కూడా కనిపించింది. అచ్చుప్రతి అమ్మ ట్రంకు పెట్టెలో ఉందట. ఆదివారం మొదటి కథతో మొదలుపెడతాను.