ఆకొల్లని వెలుగా, ఆకొన్నది వెలుగా?

పాతపుస్తకం: డిగ్రీలో మాకు వృక్షశాస్త్రం చెప్పిన మాస్టారు పట్టకంతో గోడ మీద ఏడు రంగులు పరిచి ఒక కందం చదివేవారు. సొంతంగా అల్లినదో, ఎక్కడైనా చూసిందో అడగాలని అప్పట్లో తోచలేదు. సగమే గుర్తుంది.

ఆకొల్లని వెలుగె సుమీ
యాకునకున్ వన్నె యగుట యక్కజ మగునే

రెండో పాదం మీద అనుమానం లేదు. మొదటిదే నిద్ర పట్టనివ్వడం లేదు. "ఆకొల్లని" అన్నారా, "ఆకొన్నది" అన్నారా? చెవిలో రెండూ మోగుతున్నాయి. మిగతా సగం ఎవరికైనా వచ్చా?

అరసున్న: "ఆకొన్నది" అయి ఉంటుంది, ఆకలిగొన్నది అని. సుమతీకారుడి "ఆకొన్న కూడె యమృతము" నోటికి రానివారు ఇక్కడ ఎవరూ లేరు కదా. మొక్కకు ఆకలి వెలుగు కోసమే. పైగా ఆకు, ఆకొను అన్న శబ్దాల చమత్కారం కూడా దక్కుతుంది. మీ మాస్టారు దాన్ని వదులుకునే మనిషిలా లేరు.

ఛందోవ్యసని: గణాలు రెండు పాఠాలకూ సరిపోతున్నాయి, చిక్కంతా అక్కడే. ఆకొ గగం, ల్లనివెలు నలం, గెసుమీ సగణం. "న్నదివెలు" అన్నా నలమే. ప్రాస కకారానికి ఢోకా లేదు. రెండో పాదంలో యతి కూడా నిక్షేపంగా ఉంది. ఛందస్సు దగ్గర తీర్పు దొరకదు.

తోటమాలి: అర్థం దగ్గర దొరుకుతుంది. పత్రహరితం ప్రధానంగా ఎరుపును, నీలాన్ని పట్టుకుంటుంది. ఆకుపచ్చ దానికి అంతగా పట్టదు. అలా తిరిగి వచ్చిన వెలుగే మన కంట పడుతుంది. ఆకు + ఒల్లని, ఉత్వసంధి. ఆకు వద్దన్న వెలుగు అని. తిన్న రంగే ఒంటి మీద తేలేటట్లయితే ఆకులు ఊదారంగులో ఉండాలి. ల్ల తీసి న్న పెడితే భౌతికశాస్త్రం తలకిందులవుతుంది.

అరసున్న: ఆకలి వేయడం వేరు, తినడం వేరు. అది అలా ఉంచండి. "ఒల్లని" అంటే ఎవరు ఎవరిని ఒల్లనిది? "ఒల్లని సతి" అన్నచోట తనకు ఇష్టం లేని సతా, తనంటే ఇష్టం లేని సతా? అదే లెక్కన ఆకును ఒల్లని వెలుగు అని కూడా చెప్పుకోవచ్చు. అప్పుడు ఆకు తప్పేమీ లేదు, వెలుగే అలిగి వెళ్లిపోయింది.

తోటమాలి: నవ్వించారు. నిజానికి "ఒల్లని" అన్న మాట ఆకుకు కొంచెం అన్యాయమే. పత్రహరితాన్ని ఆల్కహాలులోకి తీసి సీసాలో పెడితే ఆకుపచ్చ వెలుగు దాదాపు దాటిపోతుంది. నిండు ఆకులో అలా కాదు. కణాల మధ్య అటూ ఇటూ చెదిరి చెదిరి అందులో చాలా భాగం చివరికి ఆకుకే చిక్కుతుంది. ఎరుపు, నీలం పైపొరల్లోనే ఖర్చయిపోతాయి. లోపలి పొరలకు భోజనం పెట్టేది ఈ "ఒల్లని" వెలుగే. అయినా నా ఓటు "ఒల్లని"కే. పద్యం ప్రయోగశాల నివేదిక కాదు.

గోరింట: నాకు ఛందస్సు రాదు, నారు పెంచడం వచ్చు. ఇంట్లో ఎరుపు, నీలం ఎల్‌ఈడీ దీపాల కింద నారు పోశాను. ఒక రాత్రి చూస్తే మొత్తం నల్లగా ఉంది. మాడిపోయిందనుకుని గుండె జారి మామూలు తెల్ల బల్బు వేశాను. పచ్చగా నవనవలాడుతోంది! తిరిగి పంపడానికి అక్కడ ఆకుపచ్చ వెలుగే లేదు, అందుకే నలుపు. ఇంకో ముక్క. ఉత్త ఎరుపు కింద కాడలు సన్నగా సాగాయి, నీలం కలిపాక కురచగా, గట్టిగా వచ్చాయి.

అరసున్న: గోరింట గారూ, తెలియకుండానే శ్యామ శబ్దానికి వ్యాఖ్యానం రాశారు. దూర్వాదళశ్యాముడు అంటాం, సస్యశ్యామలం అంటాం. గరికా పైరూ నల్లగా ఉంటాయా? నలుపు, ముదురు పచ్చ ఆ మాటలో కలిసే కాపురం చేస్తాయి. ఇక పోతన "నల్లనివాడు" ఏ వన్నెవాడో మీరే తేల్చండి.

ఛందోవ్యసని: పోతన పేరు ఎత్తారు, ఇక నేను ఆగను. గోపికలు ఎవరిని అడిగారు? మల్లెలను. "మీ పొదల మాటున లేడుగదమ్మ చెప్పరే". ఆ "చెప్పరే"లోని బేలతనానికి శతకాలన్నీ ఇచ్చేయవచ్చు.

తోటమాలి: సరైనవాళ్లనే అడిగారు! మాటున ఎవరున్నారో మొక్కకు తెలుస్తుంది. ఆకులు 660 నానోమీటర్ల దగ్గరి ఎరుపును మింగేసి, కంటికి ఆనీ ఆనని 730 దగ్గరి ముదురు ఎరుపును వదిలేస్తాయి. ఆ ముదురు ఎరుపు పాలు పెరిగితే పక్కన మరో మొక్క ఉందని ఫైటోక్రోమ్ (మొక్కలో వెలుగును గుర్తించే ప్రోటీన్) పసిగడుతుంది, కాండం మెడ సాచుతుంది. కాకపోతే పసిగట్టేది పక్క మొక్కనే, పింఛం పెట్టుకున్నవాణ్ణి కాదు.

పాతపుస్తకం: అయ్యా, నా పద్యం?

ఛందోవ్యసని: మూడో పాదం నేను పూరిస్తాను. "చేకొను నెరుపును నీలము". ప్రాస కుదిరింది, శాస్త్రం కుదిరింది. చేకొనడం ఇక్కడ ఉంది కాబట్టి పైన ఒల్లకపోవడం ఉండి తీరాలి.

అరసున్న: మీరు కట్టిన పాదాన్ని మీకే సాక్ష్యంగా పిలుస్తున్నారు! పైగా నీలానికి ద్వితీయ ఏది?

ఛందోవ్యసని: జడానికి ద్వితీయ బదులు ప్రథమ వస్తే తప్పేమిటి? ఆ "ను" ద్వితీయ కాదు, సముచ్చయం, "ఎరుపూ నీలమూ" అన్నట్టు.

తోటమాలి: 1952లో అమెరికాలోని బెల్ట్స్‌విల్‌లో బోర్త్‌విక్, హెండ్రిక్స్ అనే శాస్త్రవేత్తల బృందం లెట్యూస్ విత్తనాల మీద ఎరుపు, ముదురు ఎరుపు వెలుగులను మార్చి మార్చి వేసి చూసింది. ఎన్నిసార్లు మార్చారన్నది కాదు, చివర పడింది ఏదన్నదే లెక్క. ఎరుపుతో ఆపితే మొలిచాయి, ముదురు ఎరుపుతో ఆపితే చాలావరకు మొలవలేదు. ఈ చర్చ కూడా అలాగే తేలేటట్లుంది.

అరసున్న: అలాగైతే, ఆకొన్నది.

ఛందోవ్యసని: ఆకొల్లని.

పాతపుస్తకం: నాలుగో పాదం?

అరసున్న: ఆకొన్నది.