సమస్యాపూరణం: పాట వినిపించె నెప్పుడో పాడె నెక్కి

నిర్వాహకుడు: సభ్యులు తమ మారుపేర్లతోనే రాయండి. ఈసారి ఛందస్సు తేటగీతి; పైన ఇచ్చిన సమస్యే చివరి పాదంగా మిగతా మూడు పాదాలు పూరించాలి. సందర్భం అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం, సడ్బరీలోని వేసైడ్ ఇన్. 1716లో డేవిడ్ హౌ తన ఇంట్లోనే తెరిచిన సత్రం అది. బాటసారులకు తిండి, మందు, పడక అన్నీ అక్కడే. ఆ వంశంలోని జెరుషా హౌ (1797–1842) పెళ్ళి చేసుకోలేదు. ఇంగ్లండు వెళ్ళిన ప్రియుడు తిరిగి రాలేదని, ఆమె పియానో ఇప్పటికీ వినిపిస్తుందని, తొమ్మిదో గదిలో నిమ్మజాతి పండ్ల వాసన వస్తుందని చెప్పుకుంటారు. దెయ్యాన్ని నమ్మి రాసినా, కొట్టిపారేసినా సరే, యతి (పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరం కుదరడం) మాత్రం తప్పకూడదు.

చాటుపద్యం:
కడలి దాటిన చెలికాడు కానరాక
పెండ్లి మానిన జెరుషమ్మ బెంగ తోడ
గదిని వీడక పియనోకు గళము నిచ్చి
పాట వినిపించె నెప్పుడో పాడె నెక్కి

గణయతి: మొదటి రెండు పాదాలూ హాయిగా నడిచాయి. ‘పియానోకు’ ఇంద్రగణం (ఆ చోట ఉండాల్సిన గురులఘువుల వరస) కాదని ‘పియనో’గా నొక్కేశారు, అది చెవికి గుచ్చుకుంటోంది. ‘గదిని వీడక వాద్యాన గళము నిలిపి’ అంటే గొడవ ఉండదు. ‘జెరుషమ్మ’ను మాత్రం మార్చకండి, మన వీధి మనిషైపోయింది! అన్నట్టు, వాళ్ళకు పాడె ఎక్కడిదండీ, శవపేటిక కదా?

చాటుపద్యం: అది సమస్య ఇచ్చినవారినే అడగాలి గురువుగారూ. ‘వాద్యాన’ తీసుకుంటున్నాను.

నిద్రలేమి:
భయముతో లేచి చూడగా పక్క మీద
ఫోను మోగెను మిత్రుది, పూర్వ గాయ
కుడొకడద్దాని లోపల గొంతు విప్పి
పాట వినిపించె నెప్పుడో పాడె నెక్కి

గణయతి: భలే! అసంభవాన్ని ఫోనుతో సంభవం చేశారు. సమస్యకు ఇంతకంటే సూటైన విడుపు ఉండదు. కానీ పద్యంలో సత్రం ఏదీ? ఇది మా ఇంట్లో జరిగినా ఇంతే. ఎత్తుగడ ‘తొమ్మిదవ గది మంచాన దుమికి లేవ’ అని మార్చి చూడండి.

నిద్రలేమి: మార్చాను. ‘భయముతో’ పోయినా భయం ఎక్కువైంది.

కొత్తచేయి: అక్కడ బస చేసినవాళ్ళు సొరుగుల్లో, దూలాల సందుల్లో చీటీలు దాచి పోతారట. అది పెడదామని ‘సొరుగు లందున చీటీలు దాచి పెట్టి’ దగ్గరే ఆగిపోయాను.

గణయతి: గణాలు సరే. ‘సొ’కు ‘దా’ యతి కుదరదమ్మా. ‘దారువుల సందు చీటీలు దాచి పోవ’ అనండి. తర్వాతి పాదంలో జెరుషా ఆ చీటీలు చదవాలి, లేకపోతే చివరి పాదానికి అతకదు.

కొత్తచేయి: చదివి నవ్వుకుందని రాస్తే?

నిర్వాహకుడు: రాయండి. గడువు రేపటిదాకా ఉంది.