అప్‌డేట్: మలక్‌పేట గుర్రపు రేసులకు వెళ్లొచ్చాను

ఫారం (గుర్రం గత రేసుల రికార్డు) ఎలా చూడాలి, ఫేవరెట్ (ఎక్కువమంది కాసే గుర్రం) మీదే కాయాలా అని మొన్న ఇక్కడ అడిగాను. 2000 పట్టుకెళ్లి 1150తో ఇంటికొచ్చాను. నష్టమే, కానీ చాలా తెలిసింది.

"గత రేసుల్లో స్థానాలే కాదు, దూరం, బరువు కూడా చూడు" అన్న అన్నకు థ్యాంక్స్. మూడో రేసులో ఫేవరెట్ అంతకుముందు గెలిచిందే. కానీ అది 1200 మీటర్లు, ఇది 1600. పైగా గెలిచినందుకు రేటింగ్ (గుర్రం సత్తాకు ఇచ్చే అంకె) పెరిగి, వీపు మీద బరువూ పెరిగింది. ప్యాడాక్‌లో (రేసుకు ముందు గుర్రాలను నడిపించి చూపే చోటు) చూస్తే మెడంతా చెమట, జీను కింద తెల్లటి నురగ. వదిలేశాను. చివరి 200 మీటర్లలో చతికిలపడింది. నేను 1600లో రెండుసార్లు రెండో స్థానంలో వచ్చిన గుర్రం మీద ప్లేస్ (మొదటి కొన్ని స్థానాల్లో వస్తే చాలనే పందెం) కాశాను, మళ్లీ రెండోదే వచ్చింది! పెద్దగా రాలేదు గానీ ఆ ఆనందమే వేరు.

ఆ ఊపులోనే తప్పు చేశాను. తర్వాతి రేసులో రేసు పుస్తకం (గుర్రాల ఫారం ఉండేది) తెరవకుండా, పక్కాయన చెప్పిన 'గ్యారంటీ టిప్' మీద 500 పెట్టాను. అది ఇంకా పరిగెడుతూనే ఉందేమో.

ఇంకోటి, జీఎస్టీ లాభం మీద కాదు, కాసిన మొత్తం మీద. 2025 సెప్టెంబర్ 22 నుంచి 28 కాదు, 40 శాతం. టోట్ (అందరి పందేల డబ్బు కలిపి గెలిచినవాళ్లకు పంచే పద్ధతి) కోత వేరే. ఇంత పోయాక ఫారం ఎంత చదివినా మిగిలేది తక్కువే. ఈసారి పుస్తకం కొని, కాయకుండా కాగితం మీదే లెక్కేసి చూస్తాను.