చవితి చంద్రుడిని తరిగేది భూమి నీడేనా?

ప్రశ్న (శ్రీకాకుళం నుంచి)

2026 మార్చి 3 సాయంత్రం పిల్లలతో కళింగపట్నం తీరానికి వెళ్లాము. ఆనాటిది గ్రస్తోదయ గ్రహణం కనుక, చంద్రుడు సముద్రం మీదికి వచ్చేసరికే ఒక పక్క నల్లగా ఉన్నాడు. 6 గంటల 47 నిమిషాలకు పూర్తిగా విడిచింది. ఎనిమిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి అది చూసి, "చవితి నాడు చంద్రుడు సన్నగా ఉండేదీ ఈ నీడ వల్లే కదా, దాన్ని గ్రహణమని ఎందుకు అనరు?" అని అడిగింది. కాదని చెప్పాను గాని, ఎందుకు కాదో చెప్పలేకపోయాను. పున్నమి నాడు సూర్యచంద్రుల నడుమ భూమి ఉంటుందంటున్నారు, అలాగైతే ప్రతి పున్నమికీ గ్రహణం పట్టాలి కదా అన్నది మా అమ్మగారి సందేహం. తెలిసినవారు వివరించగలరు.

జవాబు 1 (విజయనగరం, విశ్రాంత భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు)

అమ్మా, డిగ్రీలు చదివినవారిలోనూ ఈ పొరపాటు ఉంది కనుక పాపను తప్పు పట్టకండి. శుక్లపక్ష అష్టమి నాడు మధ్యాహ్నం మూడు గంటలకు ఆమెను మేడ మీదికి తీసుకువెళ్లండి. పడమటి వైపు సూర్యుడు, తూర్పు వైపు సగం చంద్రుడు, ఇద్దరూ ఒకేసారి కనిపిస్తారు. భూమి నీడ ఎప్పుడూ సూర్యుడికి సరిగ్గా ఎదురుదిక్కున పడుతుంది, అంటే ఆ వేళకు అది మన కాళ్ల కింద, నేలకు ఆవలి వైపున ఉంటుంది; అలాంటప్పుడు ఆకాశంలో ఉన్న చంద్రుడి మీద అది ఎలా పడగలదు? పైగా గ్రహణంలో నీడ అంచు ఎప్పుడూ వంపుగానే ఉంటుంది (భూమి గుండ్రమని అరిస్టాటిల్ వాదించినది దీనిని చూపే), అష్టమి చంద్రుడి అంచు మాత్రం తిన్నగా గీత గీసినట్టు ఉంటుంది. చంద్రుడిలో సగభాగం ఎప్పుడూ ఎండలోనే ఉంటుంది, అందులో మన వైపు తిరిగినంత మేరే మనకు కనిపిస్తుంది. చంద్రకళలంటే అంతే.

చీకటి గదిలో ఒకే ఒక బల్బు వెలిగించి, బత్తాయి పండును చేయి చాచి పట్టుకోమనండి. బల్బుకు ఎదురుగా నిలబడితే పండు నల్లగా ఉంటుంది, అది అమావాస్య. ఎడమకు పావు వంతు తిరిగితే కుడి సగం వెలుగుతుంది, అది అష్టమి. బల్బుకు వీపు పెట్టినప్పుడు పండు తల ఎత్తులో ఉంటే తల నీడ దాని మీద పడుతుంది, చేయి కాస్త పైకెత్తితే నిండుగా వెలుగుతుంది. మీ అమ్మగారి సందేహానికి జవాబు ఆ పైకెత్తడంలోనే ఉంది. చంద్రుడి దారి భూమి దారికి 5 డిగ్రీల మేర వాలి ఉంటుంది. ఆకాశంలో చంద్రుడి వెడల్పు అర డిగ్రీ మాత్రమే, అక్కడ పడే భూమి నీడ వెడల్పు దాదాపు డిగ్రీన్నర. అందువల్ల చాలా పున్నములలో చంద్రుడు నీడకు పైనుంచో కిందినుంచో తప్పించుకుని పోతాడు.

జవాబు 2 (ఆమదాలవలస నుంచి)

మాస్టారి మాటకు చిన్న చేర్పు. ఆ రెండు దారులు కలిసే చోట్లనే మన పంచాంగకర్తలు రాహువు, కేతువు అన్నారు. సూర్యుడు ఆ బిందువుల దగ్గరికి సుమారు ఆరు నెలలకొకసారి వస్తాడు కనుక గ్రహణాలూ ఆ లెక్కనే వస్తాయి: 2025 సెప్టెంబరు 7 నాటి సంపూర్ణ గ్రహణం తరువాత ఆరో పున్నమికే మీరు చూసినది వచ్చింది. దాని తరువాత ఆరో పున్నమి, 2026 ఆగస్టు 28 నాటి పాక్షిక గ్రహణం, మనకు పగటివేళ పడడంతో కనిపించనిది. సెప్టెంబరు నాటి దానిలో చంద్రుడు 82 నిమిషాలు పూర్తిగా నీడలో ఉన్నా మాయం కాలేదు, రాగిరంగుకు తిరిగాడు. భూమి చుట్టూ ఉన్న గాలిపొర ఎర్రని కాంతిని నీడలోనికి వంచడమే దానికి కారణం.

ప్రశ్న వేసినవారు

రాత్రి బత్తాయితో చేసి చూశాము. మొదట అమ్మాయి చేయి ఎత్తకుండా తిరగడంతో ప్రతి "పున్నమికీ" గ్రహణమే పట్టింది. చేయి ఎత్తి మూడు చుట్లు తిరిగాక, ఎంత ఎత్తితే నీడ తప్పుతుందో తానే గోడ మీద గీత గీసుకుంది. మా అమ్మగారు మాత్రం, ఇన్ని గ్రహణాలకు విడుపు స్నానాలు ఎవరు చేస్తారని అడుగుతున్నారు.