గేమ్స్ ఎక్కడ కొనాలి? స్టీమా, జీఓజీయా, టెలిగ్రామ్‌లో 200 రూపాయల అకౌంటా?

ఏడురోడ్ల జంక్షన్ (శ్రీకాకుళం)
అందరికీ నమస్తే. మా చిన్నాన్న కొడుకు ఎచ్చెర్లలో ఇంజనీరింగ్ ఫస్ట్ ఇయర్, ఈమధ్యే లాప్‌టాప్ కొన్నారు, గ్రాఫిక్స్ కార్డ్ ఉన్నదే. ఇప్పుడు ఆడికి గేమ్స్ కావాలి. హాస్టల్లో ఒకడేమో టెలిగ్రామ్‌లో 200 కడితే ఐడీ పాస్‌వర్డ్ ఇచ్చేస్తారు ఏ గేమైనా వచ్చేస్తాది అన్నాడంట, ఇంకొకడు క్రాక్ చేసినవి, అంటే డబ్బు కట్టకుండా ఆడేలా తాళం తీసేసిన దొంగ కాపీలు, పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి ఇస్తానన్నాడంట. మా పిన్ని మాత్రం డబ్బులు నేనిస్తాను, కొనేదేదో సరిగ్గా కొనండి అంది. ఇంట్లో కంప్యూటర్ గురించి ఏదొచ్చినా నన్నే అడుగుతారు, కానీ నేను ఫోన్లో తప్ప గేమ్స్ ఆడను. ఎక్కడ కొనాలో, ఎందుకో కూడా చెప్పండి.

పలాస జీడి
స్టీమ్, అంటే కంప్యూటర్ గేమ్స్ అమ్మే ఆన్‌లైన్ షాపు. ఇంకో ఆలోచన వద్దు తమ్ముడూ. రూపాయల్లో రేటు ఉండాలి, యూపీఐతో కట్టగలగాలి, నచ్చకపోతే డబ్బు వెనక్కి రావాలి. ఈ మూడూ ఉన్నచోటే మనలాంటోళ్ళు కొనాలి. స్టీమ్‌లో 2015 నుంచి రూపాయల్లోనే రేట్లు, చాలా కంపెనీలు మన దేశానికి కాస్త తగ్గించే పెడతాయి. రిఫండ్ రూల్ కూడా అదే ఏడాది వచ్చింది. కొన్న 14 రోజుల్లోపు, ఆడింది 2 గంటల్లోపు అయితే కారణం ఏదైనా సరే ఇచ్చేస్తారు. ఇది ఎంత పెద్ద సంగతో లాప్‌టాప్ ఉన్నోడికే తెలుస్తుంది, ఎందుకంటే గేమ్ పేజీలో రాసిన కాన్ఫిగరేషన్ మన దానికి సరిపోయినట్టే ఉంటుంది, తీరా ఆన్ చేస్తే వేడెక్కిపోయి నత్తనడక నడుస్తుంది. అప్పుడు గంటలోపే తెలిసిపోద్ది, వెనక్కి ఇచ్చేయొచ్చు.

ఇంకోటి, బేగి కొనేయాలని తొందరపడొద్దను. జూన్ చివర్లో సమ్మర్ సేల్, డిసెంబర్ చివర్లో వింటర్ సేల్ వస్తాయి. కావాల్సినవి విష్‌లిస్ట్‌లో పెట్టుకుంటే రేటు తగ్గినప్పుడు మెయిల్ వస్తుంది. స్టీమ్‌డీబీ అని ఒక సైట్ ఉంది, ఏ గేమ్ ఇంతకుముందు ఎంతకి తగ్గిందో అందులో చూసి కొనుక్కోవచ్చు.

కోట బురుజు (విజయనగరం)
పలాస గారూ, మీరు చెప్పినవన్నీ నిజమే కానీ అసలు విషయం ఒగ్గేశారు. స్టీమ్‌లో డబ్బు కడితే ఆడుకునే పర్మిషన్ వస్తుంది, గేమ్ మన సొంతం అవదు. ఇది నా మాట కాదు, కాలిఫోర్నియాలో చట్టం తెచ్చాక 2024 అక్టోబర్ నుంచి వాళ్ళ కార్ట్ పేజీలోనే రాసి పెట్టారు, మీరు కొనేది లైసెన్స్ అని. దీనివల్ల ఏమవుద్ది అనుకునేవాళ్ళు ద క్రూ సంగతి చూడండి. యూబీసాఫ్ట్ వాళ్ళ కార్ల గేమ్, 2014లో వచ్చింది, జనం పూర్తి ధర పెట్టి కొన్నారు, 2024 మార్చి 31న సర్వర్లు ఆపేశారు. ఒక్కడివీ కూర్చుని ఆడుకునే భాగానికి కూడా సర్వర్ కావాలి కాబట్టి మొత్తం పోయింది, తర్వాత కొన్నవాళ్ళ లైబ్రరీల్లోంచి లైసెన్స్ కూడా తీసేశారు. దాని మీదే రాస్ స్కాట్ అనే యూట్యూబర్ గేమ్స్‌ని చంపొద్దని ఉద్యమం మొదలెడితే యూరప్‌లో 2025కి 10 లక్షల సంతకాలు దాటాయి. అంతమందికి కడుపు మండింది.

అందుకే నేను జీఓజీ అంటాను. 2008లో పోలండ్‌లో మొదలైంది, పాత గేమ్స్‌తో మొదలెట్టి ఇప్పుడు కొత్తవీ అమ్ముతున్నారు. అక్కడ డీఆర్ఎం అనే తాళం ఉండదు. ఇన్‌స్టాలర్ ఫైల్ డౌన్‌లోడ్ చేసి హార్డ్‌డిస్క్‌లో పడేసుకుంటే ఇక ఏ సర్వర్నీ అడగక్కర్లేదు, లాగిన్ అక్కర్లేదు. మన జిల్లాల్లో తుపాను వస్తే కరెంటు ముందొస్తుంది, నెట్ ఎప్పటికో వస్తుంది, 2018 తిత్లీ గురించి పలాస వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. రిఫండ్ కూడా 30 రోజులు, ఆడినా సరే.

టెక్కలి కుర్రోడు
అన్నలారా మీరంతా జీతాలు వచ్చేవాళ్ళు కాబట్టి ఇలా మాట్లాడగలుగుతున్నారు. పెద్ద కంపెనీ కొత్త గేమ్ 3 వేలు 4 వేలు ఉంటుంది, మా ఇంట్లో అది నెలకి సరిపడా సరుకులు. కథ ఉన్న గేమ్ ఒకసారి పూర్తి చేశాక మళ్ళీ ఎవరు ఆడతారు చెప్పండి. 200 ఇస్తే ఐడీ ఇస్తారు, డౌన్‌లోడ్ చేసుకుని ఆఫ్‌లైన్ మోడ్‌లో పెట్టుకుని ఆడుకుంటాం, అయిపోయాక డిలీట్ కొట్టేస్తాం. ఎవరో డబ్బు పెట్టి కొన్న కాపీయే కదా, దొంగతనం ఎలా అవుద్ది. పైగా కోట బురుజు అన్న చెప్పిందే నిజమైతే, 4 వేలు కట్టినా మనది కాదు 200 కట్టినా మనది కాదు, మరి 200 కట్టడమే తెలివి కదా. దీనికి ఎవరైనా సమాధానం చెప్పండి.

మూడు లాంతర్లు (విజయనగరం)
నేను చెప్తాను తమ్ముడూ. నాది కంప్యూటర్ రిపేర్ షాపు, ఈ 200 రూపాయల అకౌంట్లు, పెన్‌డ్రైవ్ గేమ్స్ రెండింటి బాధితులూ నా బల్ల ముందే కూర్చుంటారు. డబ్బు లేకపోవడం తప్పు కాదు, నిన్ను తప్పు పట్టను. ఆ వ్యాపారం ఎలా నడుస్తుందో మాత్రం తెలుసుకో.

అమ్మేవాడు ఒక్క కాపీ కొంటాడు, ఆ ఐడీని పదుల మందికి అమ్ముతాడు. ఊరందరికీ ఒకే ఇంటి తాళంచెవి ఇచ్చినట్టన్నమాట. అకౌంట్ ఇంకొకరికి అమ్మడం స్టీమ్ రూల్స్‌కి విరుద్ధం, పట్టుకుంటే అది లాక్ అవుద్ది, అందరికీ ఒకేసారి పోద్ది. పట్టుకోకపోయినా విండోస్ అప్‌డేట్ అయ్యో, గేమ్ ఫైల్స్ పాడయ్యో, ఒక్కసారి ఆన్‌లైన్ రావాల్సి వస్తే అప్పటికి పాస్‌వర్డ్ మారిపోయి ఉంటుంది. టెలిగ్రామ్ గ్రూప్ పేరు మారిపోయి ఉంటుంది. ఎవరి మీద కంప్లయింట్ ఇస్తావు, రసీదు ఏది? ఇంకా దారుణం ఏటంటే కొంతమంది గేమ్ ఆన్ అవ్వడానికి అని ఒక చిన్న సాఫ్ట్‌వేర్ పంపిస్తారు, యాంటీవైరస్ ఆపేసి రన్ చేయమంటారు. ఆపమన్నారంటేనే అనుమానించాలి కదా, పిల్లలు ఆపేస్తారు.

పెన్‌డ్రైవ్ క్రాక్ సంగతి ఇంకా ఘోరం. క్రాకొనోష్ అని ఒక వైరస్ సంగతి 2021 జూన్‌లో అవాస్ట్ వాళ్ళు బయటపెట్టారు. జీటీఏ 5, ఎన్‌బీఏ 2కే 19 లాంటి గేమ్స్ క్రాక్ కాపీల్లో దాక్కుని 2 లక్షల 22 వేల పైగా కంప్యూటర్లలోకి దూరింది. అది ముందు విండోస్ అప్‌డేట్‌ని, విండోస్‌తో వచ్చే యాంటీవైరస్ డిఫెండర్‌ని ఆపేస్తుంది, తర్వాత మన ప్రాసెసర్‌తో మొనేరో అనే క్రిప్టో కరెన్సీ తవ్వుకుంటుంది. కరెంటు బిల్లు మనది, ఫ్యాన్ అరిగేది మనది, డబ్బు వాడిది. లాప్‌టాప్ ఊరికే వేడెక్కుతోంది అని తెచ్చేవాళ్ళని నేను ముందు అడిగేదే ఇది, క్రాక్ గేమ్ ఏమైనా వేశావా అని. అదే లాప్‌టాప్‌లో వాళ్ళ నాన్నగారి నెట్ బ్యాంకింగ్ కూడా ఉంటుంది.

4 వేలకీ 200కీ తేడా లేదన్నావు, ఉంది. 4 వేలు కట్టినవాడి అకౌంట్ వాడి మెయిల్ మీద, వాడి ఫోన్ నంబర్ మీద ఉంటుంది. రేపు లాప్‌టాప్ పోయినా కొత్తదాంట్లో లాగిన్ అయితే అన్నీ ఉంటాయి.

పలాస జీడి
మూడు లాంతర్లు గారికి దండం. పూర్తిగా ఏకీభవిస్తున్నాను.

కోట బురుజు గారూ, మీతో మాత్రం పేచీ ఉంది. జీఓజీలో కూడా చట్టం ప్రకారం ఇచ్చేది లైసెన్సే, ఫైల్ మన దగ్గరుంటుంది అంతే తేడా. స్టీమ్‌లో కూడా తాళం లేని గేమ్స్ కొన్ని ఉన్నాయి, ఫోల్డర్ కాపీ చేసుకుంటే స్టీమ్ లేకుండానే నడుస్తాయి. ఇక ద క్రూ లాంటి సర్వర్ గేమ్ అసలు జీఓజీలోకి రాదు కదా, అక్కడ లేనిదాన్ని అక్కడ కాపాడారు అనలేం. పెద్ద కంపెనీల కొత్త గేమ్స్ చాలావరకు అక్కడ దొరకవు, స్నేహితులతో కలిసి ఆడేవి మరీ తక్కువ. రేట్లేమో డాలర్లలో. డెబిట్ కార్డుకి ఇంటర్నేషనల్ ఆన్ చేయాలి, బ్యాంక్ మార్పిడి ఛార్జీ వేస్తుంది, దాని మీద జీఎస్టీ. హాస్టల్ కుర్రాడికి ఇవన్నీ అవసరమా?

చీపురుపల్లి అక్క
అందరూ కొనడం గురించే మాట్లాడుతున్నారు, ముందు ఫ్రీగా వచ్చేది తీసుకోరేటి? ఎపిక్ గేమ్స్ స్టోర్ 2018 డిసెంబర్‌లో మొదలైంది, వారం వారం ఏదో ఒక గేమ్ ఊరికే ఇస్తారు, ఆ వారంలోపు లాగిన్ అయి తీసుకుంటే అకౌంట్‌లో ఉండిపోతుంది. 2020 మేలో లాక్‌డౌన్ టైమ్‌లో జీటీఏ 5 కూడా అలాగే ఇచ్చారు. మా ఇద్దరు పిల్లలకీ నేనే గురువారం గురువారం చూసి తీసిపెడతాను. టెక్కలి తమ్ముడూ, ఇది దొంగ దారి కాదు, పైసా ఖర్చు లేదు, నీకు సరిపోయేది ఇదే.

ఇంకో మాట. ఇంట్లో ఇద్దరు ముగ్గురు ఆడేవాళ్ళుంటే స్టీమ్ ఫ్యామిలీస్ చూడండి, 2024లో వచ్చింది, ఒకే ఇంటివాళ్ళు ఆరుగురిదాకా ఎవరి అకౌంట్‌తో వాళ్ళు ఒకరి గేమ్స్ ఒకరు ఆడుకోవచ్చు, పిల్లలు ఎంతసేపు ఆడాలో కూడా పెట్టొచ్చు. ఒక గేమ్ ఒక్క కాపీయే కొంటే మాత్రం ఇద్దరూ ఒకే సమయంలో ఆడలేరు, ఆ గొడవ మీరే తీర్చుకోవాలి. ఏ స్టోరైనా సరే కార్డు వివరాలు సేవ్ చేసి పిల్లల చేతికివ్వకండి. ఫ్రీ గేమ్ లోపల డ్రెస్సులనీ తుపాకులనీ అమ్ముతుంటారు, డబ్బు పోయేది అక్కడే.

టెక్కలి కుర్రోడు
అక్కా ఎపిక్ సంగతి విన్నాను కానీ డౌన్‌లోడ్ ఎలా చేస్తాం. మాకు ఇంట్లో వైఫై లేదు, ఫోన్ హాట్‌స్పాటే, రోజుకి 2 జీబీ. రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 అంటే 150 జీబీ, అంటే రెండున్నర నెలలు. పెన్‌డ్రైవ్‌లో ఎందుకు ఎక్కించుకుంటున్నామో మీకెవరికీ అర్థం అవ్వట్లేదు. డబ్బు ఒక్కటే కారణం కాదు, నెట్ కూడా. వైరస్ సంగతి మూడు లాంతర్లు అన్న చెప్పాక భయం వేసింది నిజమే, మా లాప్‌టాప్‌లో నాన్న పాస్‌బుక్ స్కాన్‌లు కూడా ఉన్నాయి.

కోట బురుజు (విజయనగరం)
తమ్ముడూ, ఈ చర్చలో అందరికన్నా గట్టి పాయింట్ నీదే. దీనికోసమే నేను జీఓజీ అని పట్టుబట్టేది. నెట్ బాగున్నచోట, కాలేజీలోనో చుట్టాలింట్లోనో ఇన్‌స్టాలర్ దించుకుని హార్డ్‌డిస్క్‌లో టెక్కలి తెచ్చుకో, ఇంట్లో ఒక్క జీబీ కూడా ఖర్చవ్వదు. ఇరవై ఏళ్ళ కిందటి మంచి గేమ్స్ సేల్‌లో మరీ చవగ్గా వస్తాయి, సైజు కూడా 5 జీబీ 10 జీబీ లోపే, మామూలు లాప్‌టాప్ మీద కూడా సాఫీగా నడుస్తాయి. పాత సిస్టమ్ ఉన్నవాళ్ళకి ఇంకో సంగతి, 2024 జనవరి 1 నుంచి స్టీమ్ విండోస్ 7కీ 8కీ సపోర్ట్ తీసేసింది. అప్పటిదాకా కొన్నవి ఆ మెషిన్ మీద ఇక గ్యారంటీ లేదు. జీఓజీ ఇన్‌స్టాలర్ దాచుకున్నవాడి ఫైల్ అలాగే ఉంది.

మూడు లాంతర్లు (విజయనగరం)
స్టీమ్‌లో కూడా దారి ఉంది, అది కూడా చెప్పాలి. 2023లో లోకల్ ట్రాన్స్‌ఫర్ అని పెట్టారు. ఒకే రౌటర్ మీద రెండు కంప్యూటర్లుంటే, అందులో ఒకదాంట్లో ఆ గేమ్ ఉంటే రెండోది దాన్నుంచే లాక్కుంటుంది, ఇంటర్నెట్ డేటా దాదాపు ఖర్చవ్వదు. గేమ్ మాత్రం ఇద్దరి అకౌంట్‌లోనూ ఉండాలి, ఫ్రెండ్స్ లిస్టులో ఉండాలి. రౌటర్ కూడా లేకపోతే గేమ్ ఫోల్డర్‌ని హార్డ్‌డిస్క్‌లో కాపీ చేసి మీ మెషిన్‌లో స్టీమ్ ఫోల్డర్‌లో అదే చోట పెట్టి ఇన్‌స్టాల్ నొక్కితే ఉన్న ఫైల్స్ సరిచూసుకుంటుంది, తక్కువైనవే దించుతుంది. ఎచ్చెర్ల హాస్టల్ కుర్రాడికి కూడా ఇదే పద్ధతి.

టెక్కలి కుర్రోడు
ఇది తెల్దు నాకు. మా ఫ్రెండ్ ఒకడి దగ్గర ఒరిజినల్ ఉంది, ట్రై చేస్తాను. కానీ వీపీఎన్ పెట్టి, అంటే వేరే దేశంలో ఉన్నట్టు చూపించి, ఆ దేశం రేటుకి కొనొచ్చంటారు కదా, అర్జెంటీనా టర్కీ అని, అది కూడా వద్దా?

పలాస జీడి
వద్దు. 2023 నవంబర్‌లోనే ఆ రెండు దేశాల్లోనూ స్టీమ్ డాలర్ రేట్లకి మారిపోయింది, ఆ లాభం ఇప్పుడు లేదు, అకౌంట్ పోయే ప్రమాదం మాత్రం ఉంది. చవగ్గా కీలు, అంటే ఎక్కిస్తే గేమ్ వచ్చే కోడ్‌లు, అమ్మే సైట్ల జోలికి కూడా వెళ్ళొద్దు. 2015లో ఫార్ క్రై 4 కీలు కొన్ని దొంగ కార్డులతో కొన్నవని తేలి యూబీసాఫ్ట్ రద్దు చేసింది, వేరే వేరే సైట్లలో డబ్బు పెట్టి కొనుక్కున్నవాళ్ళే ఇబ్బంది పడ్డారు, అప్పటికే ఆడడం మొదలెట్టినవాళ్ళకి మాత్రం తర్వాత వెనక్కి ఇచ్చారు.

ఏడురోడ్ల జంక్షన్ (శ్రీకాకుళం)
అందరికీ చాలా థాంక్స్. పిన్నితోనూ ఆడితోనూ మాట్లాడాను. ఆడి సొంత మెయిల్ మీద స్టీమ్ అకౌంట్, దాంతో పాటు ఎపిక్ కూడా తెరిచాం. టెలిగ్రామ్ వాడికి ఇంకా డబ్బు కట్టలేదంట, ఆపేశాను. జీఓజీ మీద మాత్రం నాకింకా మనసు తేలలేదు, డాలర్ల గొడవ పిన్నికి చెప్తే ఒప్పుకునేలా లేదు, కోట బురుజు గారి మాట కొట్టేయలేను కూడా. సేల్ వచ్చేదాకా చూస్తాను.

ఒక్క డౌట్. ఆడు హాస్టల్‌కి తిరిగి వెళ్ళాక సిమ్ మార్చేస్తానంటున్నాడు, అకౌంట్‌కి ఏమైనా అవుద్దా?

మూడు లాంతర్లు (విజయనగరం)
సిమ్ మార్చే ముందే స్టీమ్‌లోకి వెళ్ళి కొత్త నంబర్ ఎక్కించమను, పాత సిమ్ పడేశాక చేస్తే ఓటీపీ రాక తిప్పలు. ఫోన్‌లో స్టీమ్ గార్డ్ (లాగిన్‌కి కోడ్ అడిగే కాపలా) పెట్టుకున్నప్పుడు ఆర్ అక్షరంతో మొదలయ్యే రికవరీ కోడ్ ఒకటి ఇస్తుంది, దాన్ని స్క్రీన్‌షాట్ తీసి అదే ఫోన్‌లో ఉంచకుండా పేపర్ మీద రాసి మీ పిన్నిగారి దగ్గర ఒకటి పెట్టమనండి. మెయిల్ పాస్‌వర్డూ స్టీమ్ పాస్‌వర్డూ ఒకటే పెట్టకూడదు.