సమస్య: «పాచి గీకినంతఁ బాచి పెరిగె»

నిర్వాహకులు:
ఎవరో వాడి వదిలేసిన మూడడుగుల అక్వేరియాన్ని చవకగా కొని తెచ్చుకున్న మిత్రులొకరు, దానిని తోమి తోమి విసిగిపోయి నాతో అన్న మాటే మన సమూహానికి ఈ వారపు సమస్య. దీనిని చివరి పాదంగా ఉంచి మిగిలిన మూడు పాదాలనూ మీరు పూరించాలి. ఆయనకు ఛందస్సుతో ఏ సంబంధమూ లేదు. అయినా ఆ విసుగులోనే ఆయన నోట ఆటవెలది పాదం యతితో సహా వచ్చేసింది. పూరణ తొట్టి దాటి పోకూడదన్నది మొదటి నియమం. మత్స్యావతారాన్నీ, పాలకడలినీ ఈసారికి విడిచిపెట్టండి. గీకితే తగ్గవలసినది ఎందుకు పెరిగిందో పద్యం చెప్పాలి, చెప్పిన కారణం తొట్టిలో నిజంగా జరిగేదై ఉండాలి.

బోరునీళ్ళు:

గోకి విడిచినట్టి గుజ్జంత యడుగునఁ
గుళ్ళి యెరువుగాఁగఁ గూడె బలము
పట్టువిడని వెలుగు పగలెల్లఁ బడినది
పాచి గీకినంతఁ బాచి పెరిగె

అద్దం మీద నుండి రాలిన పాచి ఎక్కడికీ పోదు. అది గులకరాళ్ళ సందుల్లోకి దిగి కుళ్ళుతుంది, అందులోంచి అమ్మోనియా పుడుతుంది, తొట్టిలోని సూక్ష్మజీవులు దానిని నైట్రైటుగానూ ఆపైన నైట్రేటుగానూ మారుస్తాయి, ఆ నైట్రేటును తిని పాచి మళ్ళీ అద్దానికి పడుతుంది. గీకిన వెంటనే సైఫన్ గొట్టంతో అడుగు నీటిని లాగివేయని వారు పాచిని తీసినట్టు కాదు, నలిపి దానికే వడ్డించినట్టు.

యతిభంగం:
మూడవ పాదం బాగుంది. కిటికీ పక్కన తొట్టి పెట్టి, పైన లైటు కూడా రాత్రి దాకా వెలిగించే వారికి అది తగలవలసిన చోటే తగులుతుంది. రోజుకు ఆరు నుండి ఎనిమిది గంటల లైటు సరిపోతుందని ఎన్నిసార్లు చెప్పినా వినేవారేరీ? బోరునీళ్ళు గారు «కప్ప కరవఁ బాము కన్ను మూసె» అన్న సమస్యకు పామును రబ్బరు పాముగా మార్చి చేతులు దులుపుకొన్న సంగతి ఈ సమూహంలో ఎవరూ మరచిపోలేదు. ఈసారి పాచిని ప్లాస్టిక్ పాచిగా మార్చనందుకు నా అభినందనలు.

బోరునీళ్ళు:
రబ్బరు పాముకు ఆనాడు మెచ్చుకోలు వ్రాసినది తమరేనండి.

గాజుపలక:

బ్లేడుక్రింద నిసుక బిగిసిన చోటెల్ల
గీఁత పడఁగ మొలక గీఁతఁ జేరె
గట్టి చేతితోడఁ గడిగిన ఫలమిది
పాచి గీకినంతఁ బాచి పెరిగె

నిర్వాహకులు:
గీకుడు గీఁతను పుట్టించింది, ఆ గీఁతే పాచికి ఇల్లయింది. సమస్యలోని క్రియ నుండే కారణాన్ని లాగిన పూరణ ఇది. ఈ మలుపు ఇంకెవరికీ తట్టదేమోనని ఉదయం నుండి ఎదురుచూస్తున్నాను.

యతిభంగం:
మలుపు సరే, మొదటి గణం మాటేమిటి? «బ్లేడుక్రింద» అన్నచోట 'క్రి' ముందున్న 'డు' గురువైతే, ఒక గురువూ ఒక లఘువూ కావలసిన సూర్యగణం అక్కడే కూలిపోయింది.

గాజుపలక:
కూలలేదండి. ఇది సంస్కృత సమాసం కాదు. తెలుగు మాట మొదట సంయుక్తం వచ్చినంత మాత్రాన ముందు మాట చివరి అక్షరం గురువు కాదు, 'బ్లేడు' అని తేల్చి పలికి చూడండి. ఇక విషయానికి వస్తే, చాలామంది బ్లేడే అద్దాన్ని గీస్తుందని భయపడి పీచుతో గంటల తరబడి తోముతారు. తడిపిన గాజు మీద కొత్త బ్లేడును వాలుగా ఆనించి తోస్తే, గట్టిపడిన ఆకుపచ్చ చుక్కలు కూడా పెచ్చుల్లా లేచి వస్తాయి, గీఁత పడదు. గాజు గట్టితనం మోస్ కొలమానంలో సుమారు 5.5, ఇసుకలోని క్వార్ట్జుది 7. అంచు కింద ఒక్క ఇసుక రేణువు చిక్కుకొంటే చాలు, అద్దం పొడవునా వెంట్రుక వంటి గీత పడుతుంది, ఇక ప్రతిసారీ పాచి మొదట పట్టేది ఆ గీతలోనే. అందుకే నా పద్యంలో దోషం బ్లేడుది కాదు, ఇసుకది. తొట్టి అక్రిలిక్‌ది అయితే మాత్రం బ్లేడును దగ్గరికి రానీయకూడదు. గడువు తీరిన ఏటీఎం కార్డు అంచు దానికి చాలు.

పాతతొట్టి:

తెల్ల చార చెరిపెఁ దెచ్చినట్టి వెనిగరు
అద్దమింత మెఱయ నాశ కలిగె
జిగురుసందులోని చీఁకటిఁ గానక
పాచి గీకినంతఁ బాచి పెరిగె

మిత్రులారా, వాడిన తొట్టి అన్నారు గనుక నేను తొట్టి వయసును చూశాను. పై అంచుకు కాస్త దిగువన కనిపించే తెల్లని పట్టీ పాచి కాదు. బోరు నీరు ఆవిరైనప్పుడు మిగిలిన సున్నం అది, దాని మీద ఎంత గీకినా వృథాయే. వెనిగరులో ముంచిన గుడ్డను ఆ పట్టీకి అంటించి గంటసేపు వదిలితే, సన్నని నురగ లేచి సున్నం మెత్తబడుతుంది. అసలు శత్రువు మూలల్లో, సిలికాన్ జిగురు సందుల్లో నల్లగా దాగి ఉంటుంది. అక్కడికి బ్లేడు పోనిస్తే జిగురు తెగి తొట్టి కారుతుంది. ఒక పాలు బ్లీచుకు ఇరవై పాళ్ళు నీరు కలిపి, దూదితో ఆ సందులకు పట్టించి, పావుగంట తరువాత కడగాలి. ఆపైన యాంటీ క్లోరిన్ చుక్కలు వేసిన నీటితో మళ్ళీ కడిగి, వాసన పూర్తిగా పోయేదాకా ఆరబెట్టాలి. తొట్టిలో చేపలుండగా ఇది చేయరాదు. వెనిగరునూ బ్లీచునూ ఒకేసారి ఎన్నడూ వాడరాదు, రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు వెలువడుతుంది.

బోరునీళ్ళు:
వైద్యం అమోఘం, పద్యానికి మాత్రం పథ్యం అవసరం. మొదటి పాదం చివర «ట్టి వెనిగరు» అని అయిదు లఘువులను, నాలుగక్షరాలకు మించి పట్టని ఒక్క ఇంద్రగణంలో కుక్కారు. «దెచ్చిన వెనిగరు» అంటే ఛందమూ నిలుస్తుంది, అర్థమూ చెడదు. మునుపటి సమస్యకు కూడా పాతతొట్టి గారి పూరణలో ఇటువంటి 'అట్టి' ఒకటి అంటుకొనే ఉంది. చోటు మిగిలినప్పుడు 'అట్టి'ని వేసేవారిని చూశాను గాని, చోటు లేనప్పుడు కూడా వేసేవారిని ఇక్కడే చూస్తున్నాను.

పాతతొట్టి:
సవరణను శిరసావహిస్తున్నాను. అయితే తమ మొదటి పాదంలోని «విడిచినట్టి» ఏ పుణ్యం చేసుకొంది? అక్కడ గణాలు సరిపోయాయన్న మాటే గాని, ఆ 'అట్టి' గులకరాళ్ళలో చిక్కిన చెత్త లాగా ఊరికే పడి ఉంది. పైగా «విడిచినట్టి» అనడం వల్ల గుజ్జును కావాలనే వదిలారన్న అర్థం వస్తున్నది. «గోకి తీయకున్న గుజ్జంత» అని చూడండి. సైఫన్ చేయకపోవడమే దోషమని తమరు వివరణలో వ్రాసుకొన్న మాట అప్పుడు పద్యంలోకే వచ్చేస్తుంది.

యతిభంగం:
ఇదేమిటి, ఇద్దరూ ఒకరి తొట్టిని ఒకరు శుభ్రం చేసుకొంటున్నారు! నాకొక సందేహం. భీమవరం వైపు చేపల చెరువుల వారు నీరు పచ్చబడాలని కోరి పేడ ఎరువు వేస్తారు కదా, వారికి ఈ సమస్యలో వైరుధ్యమే కనిపించదు. అటువంటప్పుడు దీనిని సమస్య అనవచ్చునా?

గాజుపలక:
వారు కోరేది నీటిలో తేలే సూక్ష్మజీవులైన ప్లాంక్టన్‌ను, అద్దానికి పట్టిన పాచిని కాదు. చెరువుకు అద్దం లేదు, గీకేవారూ లేరు. సమస్యకు వచ్చిన లోటేమీ లేదు.

నిర్వాహకులు:
గాజుపలక గారి పూరణకు ఈ వారపు మొదటి స్థానం. పాతతొట్టి గారిది సవరించిన పాదంతో రెండవది. తొట్టి కొన్న మిత్రులకు మీ మూడు పద్యాలూ వినిపించాను. ఆయన అప్పటికే అంట్లు తోమే సబ్బుతో తొట్టినంతా రుద్ది ఉన్నారు. సబ్బు జాడ ఏ మాత్రం మిగిలినా చేప మొప్పలకు ముప్పు గనుక, నీరు మార్చి మార్చి కడిగి చూడమనీ, చేపలను ఇప్పుడే తేవద్దనీ చెప్పాను. బోరునీళ్ళు గారు «తీయకున్న» సవరణను ఒప్పుకొన్నారో లేదో ఇంకా తెలియజేయలేదు.

బోరునీళ్ళు:
ఒప్పుకొన్నాను. సూచించినది పాతతొట్టి గారు కాకపోయి ఉంటే నిన్ననే ఒప్పుకొని ఉండేవాణ్ణి.