వీణ పెట్టెకు మాగ్నెట్ లాచ్‌లు చాలవా?

విజయనగరం వీణ:
మా బొబ్బిలి వీణకు కొత్త పెట్టె చేయిస్తున్నాను. పాతదాని క్లిప్పులు తుప్పు పట్టి, మూసేటప్పుడు వేళ్ళు నలుగుతున్నాయి. ప్లైవుడ్ పెట్టె, లోపల ఫోమ్, దాని మీద వెల్వెట్ అనుకున్నాం. క్లిప్పుల బదులు మూతకు మాగ్నెట్లు బిగిస్తానని వడ్రంగి గారు అంటున్నారు. కచేరీలకు రైల్లో, కారులో తీసుకెళ్తుంటాను. మాగ్నెట్ వల్ల తీగలు, వీణకు అతికించే కాంటాక్ట్ మైకు పాడవుతాయని మా అక్క భయపెడుతోంది. ఏం చేయమంటారు?

పెట్టెల పని:
నిశ్చింతగా పెట్టించుకోండమ్మా. కెమెరా పెట్టెలకు నేను నియోడిమియం అనే బలమైన మాగ్నెట్లే వాడుతున్నాను. బయటికి ఇనుము పొడుచుకు రాదు, రెక్సిన్ చిరగదు, మూత దానంతట అదే సరిగ్గా కూర్చుంటుంది. పది కిలోలు లాగే బిళ్ళలు ఆరు పెడితే అరవై కిలోల పట్టు. వీణ అందులో ఆరో వంతు కూడా ఉండదు.

మేళం:
అన్నా, ఆ అరవై కిలోల లెక్క దగ్గరే నాకు అభ్యంతరం. బిళ్ళ మీద రాసే పది కిలోలు మందపాటి ఇనుప పలకకు నేరుగా అతికించి, తిన్నగా లాగితే వచ్చే లెక్క. మధ్యలో వెల్వెట్ పడినా, పలక పల్చనైనా పట్టు బాగా పడిపోతుంది. పక్కకు జారే బలానికైతే ఇంకా తక్కువ.

అసలు తేడా వేరే ఉంది. స్టీలు లాచ్ కొక్కెంతో పట్టుకుంటుంది కాబట్టి కుదుపుకు కాస్త కదిలినా మళ్ళీ అక్కడే ఉంటుంది. మాగ్నెట్ ఒక్క అర సెంటీమీటరు విడిపోయిందంటే దాని పని అయిపోయినట్టే. హ్యాండిల్ పట్టుకుని పెట్టెను నిలువుగా మోస్తాం కదా, బందులు కిందికి, లాచ్‌లు పైకి వస్తాయి. వీణ ఒరిగి మూత మీద పడితే ఆ బరువంతా లాచ్‌ల మీదే. ప్లాట్‌ఫాం మీద ఎవరైనా తగిలినప్పుడు ఎనిమిది కిలోల వీణ ఎనిమిది కిలోల్లా ఆగదు.

అక్క గారి భయం మాత్రం అక్కర్లేదు. తీగల కింద ఉండే మెట్లు ఇత్తడివో కంచువో, మాగ్నెట్‌కు అంటవు. స్టీలు తీగలకు కాస్త అయస్కాంతం ఎక్కినా నాదం మారదు. కాంటాక్ట్ మైకు పనిచేసేది కంపనం మీద, మాగ్నెట్ మీద కాదు.

పెట్టెల పని:
తమ్ముడూ, కుదుపు మాట ఒప్పుకుంటాను. కానీ పెట్టె అంచుకు గాడి తీసి, మూత అందులో దిగేలా చేస్తే పక్కకు జారే సమస్యే ఉండదు. మూత మీద ఫోమ్ గట్టిగా నొక్కి పెడితే వీణ లోపల కదలదు, లాచ్ మీద బరువూ పడదు.

మేళం:
గాడి మంచిదే, తప్పకుండా తీయించండి. కానీ వీణకు పైనుంచి ఫోమ్ నొక్కడం మహా ప్రమాదం అన్నా. కెమెరా వేరు, వీణ వేరు. 24 మెట్లు నిలబడేది మైనం మీద. మే నెలలో కారు డిక్కీలో పెడితే ఆ మైనం మెత్తబడుతుంది. అప్పుడు పైనుంచి తీగలను అదిమితే, తీగ మెట్టును అదుముతుంది, మెట్టు మైనంలోకి దిగుతుంది. మళ్ళీ మేళం కట్టించాల్సిందే, అంటే మెట్లను మైనంలో తిరిగి అమర్చాల్సిందే. దగ్గర్లో కట్టేవాళ్ళు లేని ఊళ్ళో ఉంటే ఆ వీణ నెలల తరబడి మూలన పడి ఉంటుంది.

అందుకే మూత ఫోమ్‌లో మెట్ల పొడవునా ఖాళీ వదలాలి. కుండకు (గుండ్రటి పెద్ద భాగానికి) అడుగున, చుట్టూ గట్టి ఫోమ్, దండి (పొడవాటి మెడ) కింద రెండు చోట్ల ఆనిక. దండి చివర చెక్కిన యాళి తల దేనికీ తగలకూడదు, తీగలు బిగించే బిరడాలకు పక్కల చోటు ఉండాలి. దండి కింద బిగించే బుర్రను విప్పి పెట్టెలోనే వేరే గదిలో పెట్టండి. ఇలా చేస్తే మూత పైనుంచి వీణను పట్టి ఉంచదు, కాబట్టి మూతను పట్టి ఉంచే పని పూర్తిగా లాచ్‌దే. అందుకే రెక్క తిప్పి బిగించే స్టీలు బటర్‌ఫ్లై లాచ్‌లు అంటున్నాను. అవి చెక్కలోకి దిగి కూర్చుంటాయి, వేళ్ళు నలగవు, రెక్సిన్‌నూ చింపవు.

గురువు గారి శిష్యురాలు:
ఒక్క మాట. మా గురువు గారికి పేస్‌మేకర్ ఉంది. పెట్టెను గుండెకు ఆనించి ఎత్తే అలవాటు ఆవిడకు. బలమైన మాగ్నెట్లను పేస్‌మేకర్‌కు కనీసం 15 సెంటీమీటర్ల దూరంలో ఉంచమని డాక్టర్లు చెబుతారు. మీ ఇంట్లో పెద్దవాళ్ళెవరైనా మోస్తుంటే ఇది కూడా ఆలోచించండి. ఊడిన బిళ్ళలు పిల్లలు మింగితే పేగులకు ప్రాణాంతకం.

పెట్టెల పని:
మెట్ల సంగతి నాకు తట్టలేదు, బాగా చెప్పారు. అయితే పూర్తిగా మాగ్నెట్లు వద్దనను. వేళ్ళకు తొడిగే మీటలు, తీగల చుట్టలు పెట్టుకునే లోపలి చిన్న గదికి చిన్న మాగ్నెట్ మూత చక్కగా సరిపోతుంది. బయటి మూతకు లాచ్‌లు, గాడి. పెట్టె తయారయ్యాక వీణ పెట్టకముందే అంత బరువున్న బియ్యం మూట లోపల సర్ది, హ్యాండిల్‌తో మెట్లెక్కి దిగి, పరుపు మీద తలకిందులుగా పడేసి చూడండి.

విజయనగరం వీణ:
అందరికీ ధన్యవాదాలు. ముందు వైపు బటర్‌ఫ్లై లాచ్‌లు రెండు, లోపలి గదికి మాగ్నెట్ అని వడ్రంగి గారికి చెప్పేశాను. ఇప్పుడు ఫోమ్ సంగతి చెప్పండి. కుండ కింద రబ్బరులాంటి ఈవీఏ ఫోమ్ వేయమంటారా, ప్యాకింగ్‌లో వాడే తెల్ల ఈపీఈ సరిపోతుందా?